తప్పటడుగుల ప్రేమకథ ఎలా పుట్టింది

అమెరికాలో 1952 నాటి మాట. మారిజేన్ మీకర్ అనే పాతికేళ్ల యువతి గోల్డ్ మెడల్ బుక్స్ అనే సంస్థకు తన మొదటి నవల రాయడానికి సిద్ధమయ్యారు. పాతిక సెంట్లు పెడితే మందుల షాపుల్లో, బస్టాండుల్లో దొరికే చిన్న సైజు నవలలు వేసే సంస్థ అది. బోర్డింగ్ స్కూల్లో చదువుకునే ఇద్దరమ్మాయిలు ప్రేమించుకోవడం ఆమె అనుకున్న కథ. ఎడిటర్ డిక్ కారల్ రాయమనే అన్నారు. కానీ రెండు షరతులు పెట్టారు. ఒకటి, స్కూలు పిల్లలు వద్దు, కథను కాలేజీకి మార్చాలి. రెండు, కథ సుఖాంతం కాకూడదు.

రెండో షరతు వెనక టపా శాఖ ఉంది. పుస్తకాల కట్టలు అప్పట్లో టపాలో వెళ్లేవి. అశ్లీలమనుకున్న సరుకును ఆపేసే అధికారం 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమను మెచ్చుకున్నట్టు ఒక్క పుస్తకం కనబడినా దానితోపాటు కట్టంతా తిరుగుటపాలో వచ్చేస్తుందని ప్రచురణకర్తల భయం. అందుకని నవల చివర ఒకమ్మాయికి మతి చలించింది. రెండో అమ్మాయి తాను ఆమెను ఎన్నడూ ప్రేమించలేదని తేల్చేసుకుంది. విన్ ప్యాకర్ అనే కలం పేరుతో వచ్చిన ఆ నవల పేరు 'స్ప్రింగ్ ఫైర్'. లక్షల్లో అమ్ముడుపోయింది. మీకర్‌కు మాత్రం ఆ ముగింపు ఏనాడూ నచ్చలేదు. పునర్ముద్రణకు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. చివరికి 2004లో ఒప్పుకున్నప్పుడు, ముందుమాటలో ఈ సంగతంతా బయటపెట్టారు.

ఈ రోజు అమెరికాలో, బ్రిటన్‌లో టీనేజీ పిల్లల కోసం వస్తున్న నవలలు తిరగేస్తే ఆ షరతులు రెండూ ఎగిరిపోయినట్టు తెలుస్తుంది. హైస్కూలు అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమిస్తుంది. ఆ ప్రేమలో అబద్ధం ఆడుతుంది, అసూయ పడుతుంది, ప్రాణస్నేహితురాలి మనసు గాయపరుస్తుంది. పనికిరాని మనిషిని నమ్మి, వదిలేసి, మళ్లీ ఆ మనిషి దగ్గరికే వెళుతుంది. ఇంత చేసినా కథ ఆమెను చంపదు, పిచ్చిదాన్ని చెయ్యదు. ఇలాంటి గజిబిజి ప్రేమకథ తనంతట తాను ఊడిపడలేదు. రచయితలు, ఎడిటర్లు, లైబ్రేరియన్లు, కోర్టుకెక్కిన విద్యార్థులు కలిసి డెబ్బై ఏళ్లలో అంచెలంచెలుగా కనిపెట్టుకున్నది అది. మొదటి అంచెలో ప్రాణం దక్కింది. రెండో అంచెలో సంతోషం దక్కింది. మూడో అంచెలో తప్పు చేసే హక్కు దక్కింది. నా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికన్నా పెద్ద గెలుపు.

చావు తప్పని రోజులు

టపా శాఖ అడ్డు 1958లో చాలావరకు తొలగింది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చే 'వన్' అనే స్వలింగ ప్రేమికుల పత్రికను అక్కడి పోస్ట్‌మాస్టర్ ఆపేస్తే, ఆ పత్రికవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. ఒక విషయం స్వలింగ ప్రేమ గురించి అయినంత మాత్రాన అశ్లీలం అయిపోదని దాంతో ఖాయమైంది. చట్టం సడలింది గానీ, కథలు చెప్పే అలవాటు సడలలేదు.

ఈలోగా కొత్త పాఠకులు పుట్టుకొచ్చారు. 1967లో ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' వచ్చింది. టల్సా పట్నానికి చెందిన ఆమె ఆ నవల మొదలుపెట్టినప్పుడు హైస్కూలు విద్యార్థిని. పిల్లల పుస్తకాలకూ పెద్దల నవలలకూ మధ్య ఒక బీరువా ఖాళీగా ఉందని ప్రచురణకర్తలకు అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. యంగ్ అడల్ట్ సాహిత్యం అని ఇవాళ మనం పిలిచేది ఆ బీరువాలోనే పెరిగింది.

అందులోకి స్వలింగ ప్రేమ ప్రస్తావన తెచ్చిన మొదటి నవల 1969లో వచ్చింది. జాన్ డోనవన్ రాసిన 'ఐల్ గెట్ దేర్. ఇట్ బెటర్ బీ వర్త్ ద ట్రిప్'. దాన్ని వేసిన ఎడిటర్ అర్సులా నార్డ్‌స్ట్రామ్. 'షార్లెట్స్ వెబ్', 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' లాంటి పిల్లల పుస్తకాలు లోకానికి అందించిన మనిషి ఆవిడే. పిల్లలకు నిజం చెప్పాలన్న పట్టుదల ఆమెది.

కథలో డేవీకి పదమూడేళ్లు. పెంచిన అమ్మమ్మ చనిపోతే, న్యూయార్క్‌లో తాగుడుకు బానిసైన తల్లి దగ్గరికి వస్తాడు. వెంట ఫ్రెడ్ అనే పొట్టికాళ్ల కుక్క ఉంటుంది. ఆల్ట్‌షూలర్ అనే క్లాస్‌మేట్‌తో స్నేహం కుదురుతుంది. ఒకరోజు ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు. తల్లికి అనుమానం వస్తుంది, ఇంట్లో గొడవవుతుంది. ఆ గొడవ నడుస్తుండగానే వీధిలోకి వెళ్లిన ఫ్రెడ్ కారు కింద పడి చనిపోతుంది. తాను చేసిన పనికే దేవుడు కుక్కను తీసుకుపోయాడని డేవీ నమ్ముతాడు. ఇక్కడ డోనవన్ చేసిన పని గమనించాలి. పిల్లాణ్ని చంపలేదు. స్నేహితులిద్దరినీ చివర్లో మళ్లీ కలిపారు, ఒకరినొకరు గౌరవించుకోవచ్చన్న మాట దగ్గర కథ ముగించారు. అయినా శిక్ష ఎవరో ఒకరి మీద పడాలి. అది ఆ మూగజీవి మీద పడింది.

తర్వాతి పదేళ్లలో వచ్చిన నవలల్లో శిక్ష మరీ బాహాటమైంది. 1972లో వచ్చిన 'ది మేన్ వితౌట్ ఎ ఫేస్'లో కుర్రవాడు అభిమానించిన మాస్టారు చనిపోతాడు. అదే ఏడు వచ్చిన 'స్టిక్స్ అండ్ స్టోన్స్'లో కారు ప్రమాదం. 1974 నాటి 'ట్రయింగ్ హార్డ్ టు హియర్ యూ'లో మళ్లీ కారు ప్రమాదం, మళ్లీ చావు. ఆ రచయితల్లో చాలామంది సానుభూతితోనే రాశారు. కానీ వరసగా చదివిన పదిహేనేళ్ల పాఠకుడికి అందిన సందేశం ఒక్కటే: నీలాంటివాళ్ల కథ రోడ్డు మీద ముగుస్తుంది.

ఒక ఫోన్ కాల్ దాకా

ఆ వరసను తెంచింది నాన్సీ గార్డెన్. 1938లో పుట్టిన ఆమె కుర్రవయసులో తనలాంటి అమ్మాయిల కోసం పుస్తకాల్లో వెతికితే దొరికింది 1928 నాటి 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్'. దుఃఖంతో ముగిసే ఇంగ్లిష్ నవల అది. తనలాంటి వాళ్ల గురించి సంతోషంగా ముగిసే పుస్తకం ఏదో ఒక రోజు తానే రాయాలని ఆమె అప్పుడే అనుకున్నారు. 1982లో రాశారు. 'యానీ ఆన్ మై మైండ్'.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో లీజా, యానీ కలుస్తారు. ఇద్దరికీ పదిహేడేళ్లు. స్నేహం ప్రేమవుతుంది. ఊరెళ్లిన ఇద్దరు టీచరమ్మల ఇంట్లో పిల్లులకు తిండి పెట్టే పని లీజాకు అప్పగిస్తారు. ఆ ఇంట్లో లీజా, యానీ కలిసి ఉండగా దొరికిపోతారు. ఆ టీచరమ్మలిద్దరూ జీవిత భాగస్వాములని ఆ గొడవలోనే బయటపడుతుంది. వాళ్ల ఉద్యోగాలు పోతాయి. ఆ అపరాధ భావంతో లీజా కుంగిపోతుంది. కాలేజీకి వెళ్లిన తర్వాత నెలల తరబడి యానీ ఉత్తరాలకు జవాబు రాయదు. ఎన్నోసార్లు ఉత్తరం మొదలుపెడుతుంది, పంపదు. చివరికి ఫోన్ తీస్తుంది. యానీ గొంతు వినబడుతుంది. ప్రేమ నిలబడుతుంది.

సుఖాంతమైన మొదటి లెస్బియన్ టీనేజీ నవలల్లో ఒకటిగానే ఈ పుస్తకాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఆ నెలల మౌనం. లీజా పిరికితనం వల్ల యానీ బాధపడింది. ఆ పిరికితనానికి నవల లీజాను నిలదీస్తుంది, ఆమె ప్రేమను మాత్రం ఒక్క మాటా అనదు. ప్రేమించడం ఒకటి, ప్రేమలో సరిగ్గా నడుచుకోకపోవడం ఇంకొకటి. ఈ రెంటినీ విడదీసి చూపించడమే మొత్తం ఆవిష్కరణకు మూలం. తర్వాత వచ్చిన గజిబిజి ప్రేమకథలన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

సంతోషంగా ముగిసినందుకు ఆ పుస్తకం మూల్యం చెల్లించింది. 1993లో ఒక సంస్థ ఈ నవల ప్రతులను కాన్సస్ సిటీ ప్రాంతపు హైస్కూళ్లకు ఉచితంగా ఇస్తే, నిరసనకారులు స్కూలు బోర్డు ఆఫీసు మెట్ల మీద ఒక ప్రతిని తగలబెట్టారు. ఒలాథీ అనే ఊళ్లో స్కూలు అధికారులు లైబ్రరీల్లో ఏళ్ల తరబడి ఉన్న ప్రతులను కూడా తీయించేశారు. విద్యార్థులు, తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో లైబ్రరీ నుంచి పుస్తకాన్ని తీసెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని 1995 నవంబరులో ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పారు. పుస్తకం అరలోకి తిరిగొచ్చింది. యువపాఠకుల కోసం చేసిన కృషికి ఇచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు 2003లో నాన్సీ గార్డెన్‌ను వరించింది.

బుద్ధిమంతుల బరువు

'స్ప్రింగ్ ఫైర్' రాసిన మీకర్ ఈలోగా ఊరుకోలేదు. 'హారియట్ ద స్పై' రాసిన లూయీజ్ ఫిట్జ్‌హ్యూ ఆమె స్నేహితురాలు. టీనేజీ పిల్లల కోసం రాయమని ఆవిడ ప్రోత్సహించారు. తన ఇంటిపేరు ఉచ్చారణనే మార్చి ఎం.ఇ. కెర్ అనే కొత్త కలం పేరు పెట్టుకుని మీకర్ 1972 నుంచి యువపాఠకులకు రాయసాగారు. 1994లో 'డెలివర్ అజ్ ఫ్రం ఈవీ' వచ్చింది. మిజోరీ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం. ట్రాక్టర్లు బాగుచేసే ఈవీ, ఊళ్లో బ్యాంకరు కూతురు పాట్సీని ప్రేమిస్తుంది. కథ చెప్పేది ఈవీ తమ్ముడు. అక్క ఇల్లు విడిచిపోతే పొలం భారం తన మీద పడుతుందని అతని దిగులు. అక్క రహస్యం ఊరందరికీ తెలియడంలో ఆ తమ్ముడి చెయ్యీ ఉంటుంది. చివరికి ఈవీ, పాట్సీ బతికే ఉంటారు, కలిసే ఉంటారు. టపా కోసం తన నాయికకు పిచ్చెక్కించాల్సి వచ్చిన రచయిత్రి, నలభై రెండేళ్ల తర్వాత ఇద్దరమ్మాయిల్ని జంటగా న్యూయార్క్ పంపించారు. ఆమె 2022లో తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు.

2003 ఇంకో మలుపు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే టెక్సస్ చట్టాన్ని ఆ ఏడు జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడు డేవిడ్ లెవిథన్ నవల 'బాయ్ మీట్స్ బాయ్' వచ్చింది. ఏటా ప్రేమికుల దినానికి స్నేహితుల కోసం ఒక కథ రాసే అలవాటు లెవిథన్‌కు ఉంది. అలా మొదలైన కథే నవలగా పెరిగింది. అందులోని ఊళ్లో ఎవరు ఎవరిని ప్రేమించినా పట్టించుకోరు. ఫుట్‌బాల్ జట్టు నాయకుడే స్కూలు అందాల రాణి కూడా. అంత హాయైన ఊళ్లో కథకు కష్టం ఎక్కడి నుంచి రావాలి? కథానాయకుడు పాల్ నుంచే వచ్చింది. నోవాను ప్రేమిస్తూనే, పాత ప్రియుడు దుఃఖంలో ఉన్నాడని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంటాడు. నోవా మనసు విరిగిపోతుంది. ఆ తర్వాత రోజుకో రకంగా, కాగితపు పూలు చేసి ఇచ్చి మరీ, అతని నమ్మకం తిరిగి గెలుచుకుంటాడు. బయటి శత్రువును తీసేస్తే మనిషి లోపలి తికమక కనబడుతుందని లెవిథన్ చూపించారు.

అయితే అందరికీ ఈ ధైర్యం రాలేదు. అప్పటిదాకా కనబడనివాళ్లు కథల్లోకి వస్తున్నప్పుడు, ప్రతి పాత్రా తన వర్గమంతటికీ ప్రతినిధి అయిపోతుంది. ఒక్క పాత్ర అబద్ధం ఆడితే, చూశారా వీళ్లంతా ఇంతే అంటారన్న భయం. అందుకే చాలామంది రచయితలు తమ గే కుర్రాళ్లను, లెస్బియన్ అమ్మాయిలను మార్కులు బాగా తెచ్చుకునే, అందరికీ సాయపడే బుద్ధిమంతులుగా తీర్చారు. మామూలు ప్రేమికులకు ఈ బాధ లేదు. దేవదాసు పార్వతిని పోగొట్టుకున్నాడు, తాగాడు, చంద్రముఖిని అవమానించాడు. అయినా అతన్ని గుండెల్లో పెట్టుకున్నాం. అతని బలహీనతను చూసి, మగవాడు ఆడదాన్ని ప్రేమించడమే తప్పని ఎవరూ అనలేదు. ఆ సదుపాయం గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి క్వీర్ ప్రేమికులకు లేకపోయింది.

ఆ ఒత్తిడి రచయితల మీద ఎలా పనిచేస్తుందో బెకీ ఆల్బర్టాలి విషయంలో తేలింది. 2015లో ఆమె రాసిన 'సైమన్ వర్సెస్ ద హోమో సేపియన్స్ అజెండా' పెద్ద హిట్టు. దాని మీద 2018లో 'లవ్, సైమన్' సినిమా వచ్చింది. ఆ నవలకు కొనసాగింపుగా అదే ఏడాది వచ్చిన 'లియా ఆన్ ది ఆఫ్‌బీట్'లో నాయిక లియా ముక్కోపి, మొండి. స్నేహితుడి ప్రియురాలిగా ఉన్న అమ్మాయిని ప్రేమిస్తుంది. ఆ అమ్మాయి తన మనసు ఇంకా తేల్చుకోలేక తడబడితే లియా ఆమె మీద విరుచుకుపడుతుంది. కొందరు పాఠకులు నొచ్చుకున్నారు. క్వీర్ కానివాళ్లు ఇలాంటి కథలు రాయొచ్చా అన్న విమర్శ రచయిత్రి మీదికి వచ్చింది. 2020 ఆగస్టులో ఆల్బర్టాలి తాను బైసెక్సువల్ అని ప్రకటించారు. ఆ మాట చెప్పడానికి తనకు దొరికిన పరిస్థితి తాను కోరుకున్నది కాదని కూడా రాశారు. పాత్రలూ రచయితలూ నిక్కచ్చిగా, తేటతెల్లంగా ఉండాలని పట్టుబడితే మనుషులకు ఎంత దెబ్బ తగులుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

లారా డీన్ మళ్లీ వదిలేసింది

మూడో అంచె పూర్తయిందని నేను గట్టిగా చెప్పగలిగే పుస్తకం 2019లో వచ్చింది. మరికో తమాకి రాసి, రోజ్‌మేరీ వలేరో ఓకానెల్ బొమ్మలు వేసిన 'లారా డీన్ కీప్స్ బ్రేకింగ్ అప్ విత్ మీ'. ఇది బొమ్మల నవల. నలుపు, తెలుపు, బూడిద రంగు, వాటి మధ్య గులాబి. అంతకు మించి రంగుల్లేవు.

బర్క్‌లీలో ఉండే ఫ్రెడీకి పదిహేడేళ్లు. పాత బొమ్మల్ని విప్పి, ఒకదాని తల ఇంకోదానికి కుట్టి కొత్త జంతువులు తయారుచేస్తుంటుంది. ఆమె ప్రియురాలు లారా డీన్ అందగత్తె, స్కూలంతా తెలిసిన పిల్ల. ప్రేమికుల దినం పార్టీలో వేరే అమ్మాయితో కనబడుతుంది. ఫ్రెడీని వదిలేస్తుంది. కొన్నాళ్లకు ఏమీ జరగనట్టు మెసేజ్ పెడుతుంది, ఫ్రెడీ పరిగెత్తుకుపోతుంది. ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఏం చెయ్యాలో తోచక ఫ్రెడీ సలహాల శీర్షిక నడిపే ఒకావిడకు ఉత్తరం రాస్తుంది.

ఫ్రెడీ అమ్మాయిని ప్రేమించడం మీద ఇంట్లో గొడవ లేదు, స్కూల్లో గొడవ లేదు. కష్టమంతా ఆమె ఎంచుకున్న మనిషిలో ఉంది, ఆ మనిషిని వదల్లేని ఆమె బలహీనతలో ఉంది. ఇంకా గట్టి దెబ్బ వేరే ఉంది. ఫ్రెడీ ప్రాణస్నేహితురాలు డూడుల్ ఆ రోజుల్లోనే గర్భవతై, చెప్పుకునే దిక్కు లేక నలిగిపోతుంటుంది. లారా మెసేజ్ కోసం ఫోను చూసుకుంటున్న ఫ్రెడీకి ఎదురుగా కూర్చున్న డూడుల్ ముఖం కనబడదు. లారా తనకు చేస్తున్న అన్యాయాన్నే తాను డూడుల్‌కు చేస్తున్నానని ఆలస్యంగా గ్రహిస్తుంది. క్లినిక్‌కు తోడు వెళుతుంది. చివరికి లారా డీన్‌కు తానే సెలవు చెబుతుంది.

చిన్నవయసులో ఇలాంటి ప్రేమలో ఇరుక్కున్న ఏ అమ్మాయైనా, ఏ అబ్బాయైనా ఈ కథలో తమను చూసుకోగలరు. క్వీర్ పిల్లలకు దీని అవసరం ఇంకా ఎక్కువ. మాలాంటి వాళ్ల ప్రేమ దొరకడమే గొప్ప, దొరికిందాన్ని ఎలా వదులుకుంటాం అనుకునే పిల్ల, తనను చులకన చేసే మనిషిని పట్టుకుని వేలాడుతుంది. చెడ్డ ప్రేమను వదిలేసినా జీవితం ఉందని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆదర్శ ప్రేమకథ ఆ మాట చెప్పలేదు. 2020లో ఈ పుస్తకానికి టీనేజీ సాహిత్యానికి ఇచ్చే ప్రింట్జ్ ఆనర్ దక్కింది, బొమ్మల కథలకు ఇచ్చే ఐస్నర్ అవార్డులూ వచ్చాయి.

అదే ఏడు కేసెన్ కాలెండర్ 'ఫీలిక్స్ ఎవర్ ఆఫ్టర్' వచ్చింది. నల్లజాతి ట్రాన్స్ కుర్రాడు ఫీలిక్స్ పాత ఫొటోలను, వదిలేసిన పాత పేరుతో సహా, ఎవరో స్కూల్లో ప్రదర్శనకు పెడతారు. ఒక తోటి విద్యార్థిని అనుమానించి, పగ తీర్చుకోవడానికి ఫీలిక్స్ దొంగ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరుస్తాడు. ఆ మోసం ప్రేమలోకి, ప్రేమ ఇంకో చిక్కులోకి దారితీస్తుంది. అన్యాయానికి గురైనవాడు కూడా ఇంకొకరికి అన్యాయం చెయ్యగలడని, అయినా ప్రేమకు అర్హుడేనని ఈ నవల చెబుతుంది.

వీటి పక్కనే ఆలిస్ ఓస్‌మన్ 'హార్ట్‌స్టాపర్' ఉంది. ఇంటర్నెట్‌లో బొమ్మల కథగా 2016లో మొదలై, 2022లో నెట్‌ఫ్లిక్స్ దాకా వెళ్లిన మెత్తని ప్రేమకథ. దాన్ని తక్కువ చెయ్యను. పిల్లలకు ఊరటనిచ్చే కథలూ కావాలి, ఉలిక్కిపడేలా చేసే కథలూ కావాలి. రెండూ ఒకే అరలో ఉంటేనే ఆ సాహిత్యం ఎదిగినట్టు.

ఇంకా దక్కాల్సింది

2021 నుంచి అమెరికాలో స్కూల్ లైబ్రరీ పుస్తకాల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాటిలో క్వీర్ పాత్రలున్న పుస్తకాల వాటా పెద్దది. ఇలాంటి సమయంలో రచయితల మీద మళ్లీ ఆ పాత ఒత్తిడే పడుతుంది: మంచి పిల్లల్నే చూపించండి, వేలెత్తే అవకాశం ఇవ్వకండి అని. దానికి లొంగితే నలభై ఏళ్లు వెనక్కి పోతాం. పుస్తకాలు తగలబెట్టేవాళ్లు లీజా మంచితనం చూసి కూడా ఆగలేదు.

మన దేశంలోనూ ఈ కథ మొదలైంది. హిమాంజలి శంకర్ ఇంగ్లిష్‌లో రాసిన 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్' 2014లో వచ్చింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టిన మరుసటి ఏడాది అది. ఆత్మహత్యకు ప్రయత్నించిన ముస్కాన్ గురించి ముగ్గురు క్లాస్‌మేట్లు చెబుతారు. ఆ ముగ్గురి మాటల్లో స్నేహం, భయం, ద్రోహం కలగలిసి ఉంటాయి. 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో ఉండే సంబంధాలు నేరం కాకుండా పోయాయి. చట్టం తప్పుకున్న చోట ఇప్పుడు కథలు రావాలి.

తెలుగులో పదహారు, పదిహేడేళ్ల పిల్లల కోసమే రాసే నవలలు ఎప్పుడూ తక్కువే. వాళ్లలో అమ్మాయిని ప్రేమించే అమ్మాయి, అబ్బాయిని ప్రేమించే అబ్బాయి మన కాలేజీల్లో, హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ఉన్నారు. రాసేవాళ్లకు నా విన్నపం ఒకటే. వాళ్ల మీద జాలిపడి కథను చావుతో ముగించకండి. గౌరవం పేరుతో వాళ్లను దేవతల్ని చెయ్యకండి. తప్పు చెయ్యనివ్వండి, దాని ఫలితం అనుభవించనివ్వండి, మళ్లీ ప్రేమించనివ్వండి. మిగతా ప్రేమికులందరికీ మన సాహిత్యం ఇచ్చింది అదే.